కల్యాణకట్టలో పది మాటల పనితనం

తిరుమల తిరుపతి దేవస్థానం రోజూ ఒక చిన్న లెక్క ప్రకటిస్తుంది. నిన్న స్వామిని దర్శించుకున్నవారు ఎందరు, హుండీ ఆదాయం ఎంత, తలనీలాలు సమర్పించినవారు ఎందరు అన్నదే ఆ లెక్క. మొదటి రెండు అంకెలూ వార్తలవుతాయి. మూడో అంకె మీద ఎవరి చూపూ ఎక్కువసేపు నిలవదు. మామూలు రోజుల్లోనే అది 20 వేలు దాటుతుంది. రద్దీ రోజుల్లో 30 వేలు దాటడమూ ఉంది. రాత్రీ పగలూ తెరిచి ఉండే కల్యాణకట్టల్లో ఇన్ని వేల తలల మీద కత్తి నడిపేవి మనుషుల చేతులే. ఒక్కొక్క తలా ఒక్కొక్క మనిషి ముందుకు వచ్చి వంగాల్సిందే.

ఆ తలలన్నీ తెలుగువారివి కావు. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి, ఉత్తరాది నుంచి వచ్చినవారు పక్కపక్కనే టోకెన్లు పట్టుకుని నిలబడతారు. కత్తి పట్టినవారు మాత్రం ఎక్కువమంది తెలుగువారు. కొన్ని నిమిషాల ముందు ఒకరి ముఖం ఒకరికి తెలియదు, చాలాసార్లు ఒకరి మాట ఒకరికి రాదు. అయినా భక్తుడు తన తలను, గొంతును, చెవులను ఆ చేతులకు అప్పగిస్తాడు. ఆ నమ్మకాన్ని అన్ని భాషలవారి దగ్గరా, అంత తక్కువ సమయంలో, అంత తక్కువ మాటలతో సంపాదించడం ఒక పనితనం. పదునైన కత్తి పట్టడం ఎంత విద్యో ఇదీ అంతే విద్య అని నా నమ్మకం.

తిరుమల ఏనాడూ ఒక్క భాష కొండ కాదు. గుడి గోడల మీది శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయి. తెలుగు, కన్నడ శాసనాలూ ఉన్నాయి. ఈ స్వామిని ఆళ్వార్లు తమిళంలో పాడారు, అన్నమయ్య తెలుగులో పాడాడు, పురందరదాసు కన్నడంలో పాడాడు. 1843 నుంచి 1933 దాకా గుడి పాలన చూసిన హథీరాంజీ మఠం మహంతులు ఉత్తరాది బైరాగి సంప్రదాయానికి చెందినవారు. కొండ దిగి పుత్తూరు, నగరి దాటితే తమిళనాడు. చిత్తూరు సీమలో పుట్టి పెరిగినవాడి చెవికి తమిళం పక్కింటి మాట లాంటిది. కన్నడం కాస్త దూరపు చుట్టం. మరాఠీ, హిందీ దగ్గరికి వచ్చేసరికి ఆ చుట్టరికం కూడా ఉండదు.

కొండమీది మైకులు ఒకే ప్రకటనను వరసగా పలు భాషల్లో చదువుతాయి. బోర్డుల మీద తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అవసరమైన భాషను భక్తుడే వెతుక్కుంటాడు. క్షురకుడికి ఆ వెసులుబాటు లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి భాష ఏదో అతనే పోల్చుకోవాలి. బోర్డు అర్థం కాకపోతే భక్తుడు దారి తప్పుతాడు, మళ్లీ అడిగి తెలుసుకుంటాడు. ఇక్కడ మాట అర్థం కాకపోతే తల కదులుతుంది, చర్మం తెగుతుంది.

అందుకే ఈ పనిలో మొదటి నేర్పు ఏ మాటలు అవసరమో తేల్చుకోవడం. పూర్తి గుండా, కొద్ది జుట్టే తీసే మూడు కత్తెర్లా? గడ్డం, మీసం కూడా తీయాలా? తల మీద పుండు, కురుపు, పులిపిరి ఏమైనా ఉన్నాయా? తల వంచండి. ఇటు తిరగండి. కదలకండి. అయిపోయింది, స్నానానికి వెళ్లండి. లెక్క పెడితే పది మాటలకు మించవు. ఊళ్లో మంగలి షాపులో సాగే కబుర్లకు ఇక్కడ చోటు లేదు. వెనక వరస కదలాలి. అనుభవజ్ఞుడైన క్షురకుడు ఈ పదింటినీ నాలుగైదు భాషల్లో నేర్చి పెట్టుకుంటాడు. ‘తల వంచండి’ అనాలంటే తమిళులకు ‘కునింజుకోంగ’, కన్నడిగులకు ‘తలె బగ్గిసి’, హిందీవారికి ‘సిర్ నీచే కీజియే’, ‘కదలకండి’ అనాలంటే మరాఠీవారికి ‘హలూ నకా’. వ్యాకరణం ఎవరూ నేర్పలేదు. పక్కన కూర్చున్న పెద్దవాళ్లు అంటుంటే విని పట్టుకున్నవే.

ఆ కొద్ది మాటల్లోనూ మర్యాదను ముందు నేర్చుకోవడం గమనించాల్సిన సంగతి. కొత్త భాషలో ముక్కలు నేర్చుకునేవాడికి మొదట వచ్చేది ‘కూర్చో, లే, ఇటు రా’ అనే పొట్టి మాటే. అది నోరు తిరగడానికి తేలిక, చెవికి మాత్రం మొరటు. మొక్కు తీర్చుకోవడానికి అంత దూరం నుంచి వచ్చిన పెద్దాయనకు ఆ మొరటుదనం గుచ్చుకుంటుంది. మంచి క్షురకుడు క్రియతోపాటే దాని చివరి గౌరవపు ముక్కను కూడా కలిపి నేర్చుకుంటాడు. భాష ఇంకా తేలనప్పుడు ‘సామీ’ అంటాడు, ‘అమ్మా’ అంటాడు. ఆ రెండు పిలుపులతో దక్షిణాదిలో ఎవరినైనా పిలవవచ్చు. ఉత్తరాది అమ్మగారు వస్తే ‘మాతాజీ’ వచ్చేస్తుంది. నూరు మాటలు తప్పుల్లేకుండా వచ్చి మర్యాద రానివాడికంటే, పది మాటలే వచ్చి మర్యాద తెలిసినవాడి చేతికే జనం ధైర్యంగా తల ఇస్తారు.

భాషను పోల్చుకోవడమూ చూపుతో, చెవితో జరిగే పని. వరసలో నిలబడ్డ కుటుంబం తమలో తాము ఏం మాట్లాడుకుంటున్నారో ముందే చెవిన పడుతుంది. తల్లి పిల్లాడిని ఎలా పిలుస్తోందో, ‘గోవిందా’ అన్నప్పుడు యాస ఎటు వాలుతోందో తెలుస్తుంది. కచ్చ పోసి కట్టిన తొమ్మిది గజాల చీర మహారాష్ట్రను చెప్పవచ్చు. అయితే ఈ గుర్తులను గుడ్డిగా నమ్మకూడదని కూడా అతనికి తెలుసు. బళ్లారి నుంచి వచ్చినవాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడుతుండవచ్చు. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు కుటుంబం తమలో తాము తమిళంలో మాట్లాడుకోవచ్చు. అందుకని మొదటి మాట చిన్నదిగా వేసి, జవాబు ఏ భాషలో వస్తుందో చూసి, రెండో మాటను అటు తిప్పుతాడు.

మాట కంటే ముందు నడిచేది బ్లేడు. టోకెన్‌తోపాటు భక్తుడి చేతికి బ్లేడు ఇస్తారు. భక్తుడు తెచ్చి ఇచ్చిన ఆ బ్లేడునే అతని కళ్ల ముందు పిడిలో బిగించడం ఈ పనిలో ఒక గొప్ప వాక్యం. ‘ఇది కొత్తది, ఇంకొకరి నెత్తురు తగిలినది కాదు, భయం లేదు’ అన్న భరోసా అంతా అందులో ఉంది. తొందరలో వెనక్కి తిరిగి బిగిస్తే పని అవుతుంది కానీ ఆ భరోసా దొరకదు. భక్తుడికి కనిపించేలా బిగించడానికి మరో క్షణం కూడా పట్టదు. ఎక్కువ వివరణలు చెప్పలేని చోట, పని తెలిసినవాడు తన పనినే కనపడేలా చేస్తాడు.

తరవాత నీళ్లు. జుట్టు బాగా తడిస్తేనే కత్తి సాఫీగా నడుస్తుంది. ఆ తడపడంలోనే ఎడమ చెయ్యి తలను చదువుకుంటుంది. వేళ్లు నెత్తి మీద తిరుగుతూ ఎక్కడ ఎత్తు ఉంది, ఎక్కడ పాత మచ్చ ఉంది, ఎక్కడ కురుపు చేతికి తగిలింది అని వెతుకుతాయి. ‘పుండు ఉందా?’ అన్న ప్రశ్నను పరాయి భాషలో అడగడం కష్టం, జవాబు అర్థం చేసుకోవడం ఇంకా కష్టం. వేళ్లు అడిగితే చర్మమే జవాబు చెబుతుంది. నొప్పి ఉన్నచోట తగలగానే మనిషి కాస్త ముడుచుకుంటాడు. ఆ ముడుచుకోవడాన్ని పట్టుకున్న చెయ్యి, కత్తి ఆ చోటికి వచ్చేసరికి దానంతట అదే నెమ్మదిస్తుంది.

కత్తి నడుస్తున్నంతసేపూ ఎడమ చేతిదే అసలు సంభాషణ. నెత్తి మీద అరచెయ్యి బరువు కొంచెం పెరిగితే తల వంగుతుంది. గడ్డం కింద రెండు వేళ్లు ఆనితే తల లేస్తుంది. కణత దగ్గర బొటనవేలు నొక్కితే ముఖం పక్కకు తిరుగుతుంది. చెవి వెనక గీయాల్సి వచ్చినప్పుడు చెవిని ముందుకు మడిచి పట్టుకోవడమే ‘ఇప్పుడు కదలకండి’ అని చెప్పడం. ఈ ఒత్తిడి లెక్క ప్రకారం ఉండాలి. ఎక్కువైతే మోటుగా ఉంటుంది, తక్కువైతే అర్థం కాదు. మంచి క్షురకుడు కత్తి చర్మం మీద ఉండగా నోరు విప్పడం అరుదు. తెలియని భాషలో మాట వినపడితే మనిషి ‘ఏమిటి?’ అన్నట్టు చటుక్కున తలెత్తుతాడు. ప్రమాదం అక్కడే ఉంది. చెప్పాల్సింది ఏదైనా ఉంటే కత్తి ఎత్తి, చెప్పి, మళ్లీ ఆనిస్తాడు.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైన ప్రశ్న మొట్టమొదటిదే. స్త్రీలలో కొందరు పూర్తిగా తలనీలాలు ఇస్తారు, కొందరు మూడు కత్తెర్లు ఇస్తారు. ఇక్కడ పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి నెలలు పడుతుంది. ‘పూర్తిగానా?’ అని అడిగితే ఎదుటివారు తల ఊపుతారు. దక్షిణాదిలో ‘ఔను’ అనడానికి తలను అటూ ఇటూ వాల్చే తీరు ఉంది. ఇంకో ప్రాంతం మనిషికి అదే ఊపు ‘కాదు’లా కనపడవచ్చు. అందుకే అనుభవం ఉన్నవారు తల ఊపును జవాబుగా తీసుకోరు. కత్తెర చూపిస్తారు, కత్తి చూపిస్తారు, ఏది అన్నట్టు చూస్తారు. ఆమె వేలు పెట్టి చూపించాలి, లేదా అరచేత్తో తలంతా నిమిరి చూపించాలి. పక్కనున్న ఇంటివారి మాట విన్నా, కళ్లు మాత్రం ఆమె చేతినే చూడాలి. జుట్టు ఆమెది, మొక్కూ ఆమెది.

స్త్రీలకు సేవ చేయడానికి మహిళా క్షురకులు వచ్చాక ఈ సంభాషణ మరింత సులువైంది. పొడవైన జుట్టును పాయలుగా తీసి ముడివేసి, అది చెదరకుండా వేరుచేయడం వారి చేతుల్లో చూడదగ్గ పని. దేవస్థానం ఈ జుట్టును పొడవును బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలంలో అమ్ముతుంది కనుక ఆ ముడికి లెక్కల్లోనూ విలువ ఉంది. కానీ మొదటిసారి జుట్టు ఇస్తున్న ఆడమనిషి కళ్లలో నీళ్లు తిరిగినప్పుడు, కత్తి ఆపి భుజం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగే ఆ ఓర్పుకు ఏ వేలంలోనూ ధర కట్టలేరు.

పసిపిల్లల దగ్గర ఏ భాషా పనిచేయదు. పుట్టువెంట్రుకలు తీయడానికి తెచ్చిన బిడ్డ తెలుగు బిడ్డయినా గుజరాతీ బిడ్డయినా ఒకేలా ఏడుస్తుంది. ఇక్కడ క్షురకుడు మాట్లాడాల్సింది బిడ్డను పట్టుకున్న పెద్దవారితో. ఒళ్లో ఎలా కూర్చోబెట్టుకోవాలి, చేతులు ఎలా పట్టుకోవాలి, తల ఎటు ఆనించాలి అన్నది తానే పట్టి చూపిస్తాడు. ఏడుపు మధ్య బిడ్డ ఊపిరి తీసుకునే ఆ చిన్న విరామంలో రెండు గీతలు గీస్తాడు. మళ్లీ ఏడుపు మొదలవగానే ఆగుతాడు. నునుపు దేరిన ఆ చిన్న తల మీద గాటు కనపడకపోవడమే అతని పరీక్ష. దానికి మార్కులు వేసేది తల్లి ముఖం.

ఇదే వృత్తి హైదరాబాద్ సెలూన్లలో మరో రూపంలో కనపడుతుంది. అక్కడ చాలా చోట్ల కత్తెర పట్టింది ఉత్తరప్రదేశ్ నుంచో బిహార్ నుంచో వచ్చిన కుర్రాడు, కుర్చీలో కూర్చున్నది తెలుగువాడు. కొండ మీద కావలసిన ఫలితం దాదాపు ఒక్కటే, కనుక పది మాటలు చాలు. సెలూన్‌లో ఒక్కో తలకు ఒక్కో కోరిక. అందుకే అక్కడ అంకెలు భాషగా మారాయి. ట్రిమ్మర్‌కు తొడిగే ఒకటో నంబరు గార్డు సుమారు 3 మిల్లీమీటర్లు వదులుతుంది, రెండోది 6, నాలుగోది 13. ‘పక్కన రెండు, పైన కత్తెర’ అంటే ఏ రాష్ట్రం కుర్రాడికైనా తెలుస్తుంది. తెలియకపోతే గోడ మీది బొమ్మ ఉంది, ఫోన్‌లోని ఫొటో ఉంది. కొంత తీసి, అద్దం చూపించి, ‘ఇంకా?’ అని కనుబొమ్మలతో అడగడం ఉంది. ముందు తక్కువ తీయడం, అడిగి మరికాస్త తీయడం ఆ కుర్రాడి వివేకం. భాష రానిచోట తొందరపడకపోవడమే మర్యాద.

ఈ రెండు చోట్లా నాకు కనిపించే సత్యం ఒక్కటే. మాట కలవని ఇద్దరి మధ్య పని సాఫీగా జరిగిందంటే, ఆ దూరాన్ని ఎవరో ఒకరు మోశారన్నమాట. దాదాపు ఎప్పుడూ దాన్ని మోసేది పనిచేసేవాడే. భాష నేర్చుకునేది అతను, సైగ కనిపెట్టేది అతను, పొరపాటు జరిగితే మాట పడేదీ అతనే. అర్థం కానప్పుడు గొంతు పెంచే హక్కు డబ్బిచ్చేవారికి ఉన్నట్టు మనం నడుచుకుంటాం. గొంతు పెంచితే తెలియని భాష తెలిసిపోదు.

కల్యాణకట్టలో పీస్ రేటు మీద పనిచేసే క్షురకులు ఉన్నారు. వారి లెక్క తలల్లో తేలుతుంది. ఎన్ని భాషల్లో ఒప్పించారు, ఎన్ని భయాలు తీర్చారు అన్న లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు. కానీ ఆ నేర్పు లేకుండా ఆ తలల లెక్క తేలేది కాదు. ఇది పనికి అంటుకుని వచ్చిన అదనపు గుణం కాదు, పనిలోనే సగం. కొత్తగా చేరేవారికి కత్తి పట్టడంతోపాటు ఆ పది మాటలనూ, ఎడమ చేతి లెక్కనూ పాత చేతులే కూర్చోబెట్టి నేర్పే ఏర్పాటు ఉండాలి. అలా నేర్పే పెద్దలకు గురువుల గౌరవం, దానికి తగ్గ వేతనం ఉండాలి. కుర్చీలోనో పీట మీదో కూర్చునే మన వంతు ఇంకా చిన్నది. మనకు కావలసింది చేత్తో స్పష్టంగా చూపించాలి, గాయమేదైనా ఉంటే ముందే తాకి చెప్పాలి, కత్తి నడుస్తుండగా కదలకూడదు, ఎదుటివారి భాషలో ఒక్క మర్యాద మాటైనా నేర్చుకుని వెళ్లాలి. పది మాటలు అతను నేర్చుకున్నాడు. ఒక్కటి మనం నేర్చుకోగలం.