బొగ్గుపొయ్యికి ఊపిరి

పెన్సిల్వేనియా ఈశాన్యాన, స్క్రాంటన్ చుట్టుపక్కల పాత ఇళ్లలో ఆంత్రసైట్ బొగ్గుతో మండే పోత ఇనుప పొయ్యిలు ఇంకా ఉన్నాయి. వాటిని బాగుచేసే పనివాళ్ల ఓపికంటే నాకెంతో గౌరవం. ఆంత్రసైట్ మొండిది. కట్టెలా పైగాలికి మండదు. గాలి కింద బూడిద తలుపు దగ్గర దూరి, జల్లెడ గుండా బొగ్గు పొరల్లోంచి పైకి రావాలి. అందుకే ఆ తలుపుకున్న చిన్న గాలిబిళ్లే పొయ్యి మొత్తానికి యజమాని. తుప్పుతో బిగుసుకుపోయిన ఆ బిళ్లను నూనెతో నానబెట్టి, సుత్తి తగలనివ్వకుండా కొంచెం కొంచెంగా కదిలిస్తూ ఊడదీస్తారు. పోత ఇనుము దెబ్బకి పగులుతుంది మరి. అంచు సమంగా ఆనేదాకా ఆకురాయితో రుద్దుతారు. అతుకుల్లో వేడికి ఓర్చే సిమెంటు నింపుతారు. తలుపు సందులో కాగితం పెట్టి, మూసి లాగుతారు: సులువుగా జారివస్తే చుట్టూ ఉన్న గాజునార తాడు మార్చాల్సిందే. అసలు విద్య నిప్పు రాజేశాక కనిపిస్తుంది. కొత్త బొగ్గు వేసినప్పుడు పైతలుపు రంధ్రాలు కాస్త తెరిచి, లేచే వాయువులు నీలిమంటగా అంటుకునేలా చూస్తారు. పొగగొట్టం డ్యాంపర్ మరీ మూస్తే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుంది, కనుక అక్కడ తొందరపడరు. గాలిబిళ్లను వెంట్రుకవాసి తిప్పి, చాలాసేపు ఆగి, అభ్రకపు కిటికీలోంచి నిప్పు రంగు చూసి, మళ్లీ తిప్పుతారు. అలా కుదిరిన పొయ్యిలో పడుకునే ముందు బొగ్గు నింపితే, బయట మంచు కురుస్తున్నా తెల్లారేదాకా ఇల్లు వెచ్చగా ఉంటుంది, పొద్దున్నే జల్లెడ కుదిపి బూడిద దులిపి, మళ్లీ బొగ్గు వేస్తే చాలు, అగ్గిపుల్ల గీయక్కర్లేదు.