గొంతు అరువు తెచ్చుకోని నటి

భానుమతి మాట వినడానికి ఓ పద్ధతి ఉంది. వాక్యం మొదలు ఎలా ఉన్నా ఫరవాలేదు, చివర పట్టుకోండి. ఆ కాలపు హీరోయిన్లు వాక్యం చివరికొచ్చేసరికి గొంతు దించేసేవారు, ఎదురుగా హీరో ఉంటే మరీను. భానుమతి దించరు. ఆఖరి అక్షరాన్ని కాస్త సాగదీసి, కొద్దిగా పైకి లేపి, అక్కడే వదిలేస్తారు. అవతలివాడు అందుకోవాలంటే మెడెత్తాల్సిందే. ‘మల్లీశ్వరి’లో బావను ఆటపట్టించే మరదలైనా, ముప్ఫై మూడేళ్ల తర్వాత ‘మంగమ్మగారి మనవడు’లో మనవణ్ణి అదిలించే మామ్మైనా ఆ విరుపు ఒకటే. వయసు మారింది, చీరకట్టు మారింది, ఆ చివరి అక్షరం మాత్రం మారలేదు.

పుట్టింది ఒంగోలు దగ్గర దొడ్డవరంలో, 1925లో. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య సంగీతమంటే ప్రాణమిచ్చే మనిషి. చిన్నప్పుడే కూతురికి శాస్త్రీయ సంగీతం చెప్పించారు. సి. పుల్లయ్య గారు కాళ్లకూరి నారాయణరావు గారి ‘వరవిక్రయం’ నాటకాన్ని 1939లో సినిమాగా తీస్తూ ఈ పిల్లకు కాళింది వేషం ఇచ్చారు. కట్నానికి బలై ప్రాణం తీసుకునే పిల్ల పాత్ర. భానుమతికి అప్పటికి పధ్నాలుగేళ్లు నిండీ నిండలేదు. హీరో తన కూతుర్ని కౌగిలించుకునే సన్నివేశాలు ఉండకూడదని ఆ తండ్రి నిర్మాతల దగ్గర ముందే మాట తీసుకునేవారని చెబుతారు. అలాంటి తండ్రి మాట కాదని ఈ అమ్మాయి ‘కృష్ణప్రేమ’ సెట్లో పరిచయమైన అసిస్టెంట్ డైరెక్టర్ పి.ఎస్. రామకృష్ణారావును 1943లో పెళ్లాడింది. పెళ్లయ్యాక సినిమాలు వద్దనుకుంది కూడా. బి.ఎన్. రెడ్డి గారు వచ్చి ‘స్వర్గసీమ’కి అడక్కపోతే మనకు ఇవాళ చెప్పుకోడానికి ఏమీ మిగిలేది కాదు.

అసలు కథ ‘స్వర్గసీమ’ (1945) నుంచే. వీధిలో ఆడిపాడే సుబ్బి, నాగయ్య గారి చలవతో సుజాతాదేవి అనే నాటకాల తారగా ఎదిగి, ఆయన కాపురంలోనే నిప్పు పెడుతుంది. ఇరవయ్యేళ్ల పిల్ల వెయ్యాల్సిన వేషమేనా అది? సుబ్బి మాట మోటుగా, పొట్టి ముక్కలుగా, ఊపిరికి ఆగకుండా దొర్లుతుంది. సుజాత మాటకి మధ్యమధ్య విరామాలున్నాయి. తను మాట్లాడితే మగవాడు ఆగి వింటాడని తెలిసిన ఆడది పెట్టే విరామాలవి. పాత్ర మెట్లెక్కిన సంగతి నగలు చూసి తెలుసుకోనక్కర్లేదు, చెవికే తెలిసిపోతుంది. ఇక ఆ పావురం పాట! ‘బ్లడ్ అండ్ శాండ్’ అనే ఇంగ్లీషు సినిమాలో రీటా హేవర్త్ తీసిన కూనిరాగం తన చెవిలో ఉండిపోయి, అదే ఈ పాటలోకి వచ్చిందని ఆవిడే దాపరికం లేకుండా చెప్పుకున్నారు. కర్ణాటక సంగీతంలో నానిన గొంతు ఆ విదేశీ నవ్వునీ కూనిరాగాన్నీ ఎంత తేలిగ్గా మింగేసిందో వినండి. గమకం ఎక్కడ మొదలైందో, నవ్వు ఎక్కడ ఆగిందో గీత గీసి చూపించండి చూద్దాం.

ఇక్కడ కాస్త పనితనం సంగతి చెప్పాలి. తొలి టాకీల రోజుల్లో నటులు కెమెరా ముందు నటిస్తూనే పాడేవారు. వాద్యాలవాళ్లు ఫ్రేముకి అవతల కూర్చునేవారు, మైకు ఎక్కడో చాటున వేలాడేది. పాట రానివారికి హీరో, హీరోయిన్ వేషాలు దొరకడమే కష్టం. తర్వాత ప్లేబ్యాక్ వచ్చింది. పాట ముందే రికార్డవుతుంది, నటి పెదాలు కదుపుతుంది. సుఖమే, కాదనను. మహా గాయనులు మనకు దక్కింది ఆ పద్ధతి వల్లే. కానీ జాగ్రత్తగా చూస్తే ఒక అతుకు కనబడుతుంది. గాయని ఊపిరి ఒకచోట తీసుకుంటే, నటి ఛాతీ ఇంకోచోట ఎగసిపడుతుంది. గాయని తారస్థాయికి వెళ్తే నటి మెడ మీద నరమైనా కదలదు. భానుమతి తన పాటలు తనే పాడుకున్నారు, ప్లేబ్యాక్ రాజ్యమేలిన రోజుల్లోనూ. రికార్డింగ్ గదిలో పీల్చిన గాలే సెట్లోనూ పీల్చారు కాబట్టి ఆ అతుకు లేదు. మాటలోంచి పాటలోకి వెళ్లేటప్పుడు మనిషి మారదు, గొంతు మారదు. పడుగూ పేకా ఒకే నూలుతో నేసిన బట్ట అది.

ముక్కుతో పాడుతుందని కొందరు మూతి విరిచేవారు. విరుచుకోనీండి. అది ముక్కు కాదండీ, ముద్ర.

‘మల్లీశ్వరి’ (1951) గురించి ఎంత రాసినా తక్కువే, రాసినవాళ్లూ తక్కువ కాదు. వాహినీ వారి సినిమా, బి.ఎన్. రెడ్డి గారి దర్శకత్వం, దేవులపల్లి వారి మాటలూ పాటలూ, సాలూరి రాజేశ్వరరావు గారి స్వరాలు. చైనాలో కూడా ఆడిన సినిమా. ఆ జాబితాలో అందరికీ దండం పెట్టి, మల్లి దగ్గరకే వస్తాను. వానపడుతున్న రాత్రి పాడుబడ్డ సత్రంలో మల్లి ఆడిపాడుతుంది, మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు చూస్తాడు. పాటలో ఎంత గడుసుదనం! అదే మల్లి పల్లకి ఎక్కి రాణివాసం చేరాక పాడితే, ఆ గొంతులో గడుసుదనం స్థానంలో ఒక ఖాళీ చేరుతుంది. ఏడుపు లేదు, వెక్కిళ్లు లేవు. స్వరం కాస్త వెనక్కి జరిగి నిలబడుతుంది, అంతే. విరహాన్ని ఏడవకుండా పాడటం ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి. ఎన్టీఆర్ ఆ సినిమాలో నాగరాజుగా ఎంత అందంగా ఉన్నారో నాకూ తెలుసు, కానీ మల్లి తెరమీద ఉండగా చూపు నాగరాజు మీదికి పోదు.

‘విప్రనారాయణ’ (1954) ఇంకో మెట్టు. రంగనాథుడి తోటలో తులసి కోసుకునే భక్తుణ్ణి కిందికి లాగుతానని పంతం పట్టిన దేవదేవి ఆవిడ. పంతంతో వచ్చినప్పుడు కళ్లు పాడతాయి, గొంతు వెంట నడుస్తుంది. మనసు మారాక గొంతు పాడుతుంది, కళ్లు కిందికి దిగిపోతాయి. ఇది ఎవరైనా చెప్పించి చేయించే పని కాదు. అదే సినిమాలో జయదేవుడి అష్టపదిని ఆవిడ గొంతులో విన్నవాళ్లకి సంగీత కచేరీకీ సినిమాకీ మధ్య గోడ ఎందుకు కట్టారా అనిపిస్తుంది. నాగేశ్వరరావు గారికి ఏ.ఎం. రాజా పాడారు, మధురంగానే పాడారు. భానుమతికి భానుమతే పాడారు. తేడా ఏమిటో నేను చెప్పను, వినండి.

అది భరణీ వారి సినిమా. అంటే సొంత సినిమా. కొడుకు భరణి పేరు మీద భార్యాభర్తలు పెట్టుకున్న సంస్థ. ‘రత్నమాల’, ‘లైలా మజ్ను’, ‘చక్రపాణి’, శరత్ కథతో తీసిన ‘బాటసారి’, అన్నీ ఆ గూటివే. సొంత స్టూడియో కూడా కట్టారు, మద్రాసు సాలిగ్రామంలో. 1953లో ‘చండీరాణి’ తీసినప్పుడు దర్శకత్వం భానుమతిది, ద్విపాత్రాభినయం భానుమతిది, పాట భానుమతిది. ఒక్కసారే మూడు భాషల్లో: తెలుగు, తమిళం, హిందీ. తెలుగు సినిమాకి తొలి మహిళా దర్శకురాలు ఆవిడే. అప్పటికి ఆవిడకి ముప్ఫయ్యేళ్లు లేవు. ఇవాళ ఒక సినిమాని అయిదు భాషల్లోకి డబ్బింగ్ చేసి, పాన్ ఇండియా అని పోస్టర్ మీద గుర్రమంత అక్షరాలతో వేసుకుంటున్న బాబులు ఒక్కసారి ‘చండీరాణి’ టైటిల్స్ చూసి రావాలి.

‘మిస్సమ్మ’ గొడవ అందరికీ తెలిసిందే. విజయా వారు ముందు ఆవిడతోనే మొదలుపెట్టారు, కొన్ని రీళ్లు తీశారు కూడా. వరలక్ష్మీ వ్రతం రోజు షూటింగుకి ఆలస్యంగా వెళ్లారని, నిర్మాత చక్రపాణి గారు క్షమాపణ రాసిమ్మన్నారని, ఈవిడ ససేమిరా అన్నారని, తీసిన రీళ్లు తగలబెట్టారని కథలు కథలుగా చెబుతారు. ఆ వేషం సావిత్రికి వెళ్లింది. సావిత్రి అభిమానులు ఏమనుకున్నా సరే, ఒక్క మాట అంటాను: మేరీ పాత్రలో ఉన్న ఆ ముక్కుమీది కోపం భానుమతి కొలతలకి కుట్టిందే. అయినా తన వల్ల ఒక మహానటి పరిశ్రమకి దొరికిందని ఆవిడే పెద్ద మనసుతో అన్నారట. అలా అనగలిగినవాళ్లు ఎందరున్నారు? చక్రపాణి గారి మొండితనాన్ని నిక్కచ్చితనమని మెచ్చుకున్న పరిశ్రమే, ఈవిడ మొండితనాన్ని పొగరు అంది. అననీండి. ఆ పొగరే లేకపోతే ఆ చివరి అక్షరం పైకి లేచేదే కాదు.

తమిళులు మనకన్నా తెలివైనవాళ్లు, ఆవిణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. జెమినీ వారి ‘అపూర్వ సహోదరర్గళ్’, ఎంజీఆర్‌తో ‘మలైక్కళ్లన్’, ‘అలీబాబావుం నాఱ్పదు తిరుడర్గళుం’, శివాజీతో ‘అంబికాపతి’, ఏవీఎం వారి ‘అన్నై’... అన్నాదురై గారు ఆవిణ్ణి నటనకి వ్యాకరణం అన్నారు. ‘నాడోడి మన్నన్’ (1958) తీస్తూ ఎంజీఆర్‌తో మాట పట్టింపు వచ్చి మధ్యలో తప్పుకున్నారని, అందుకే కథలో ఆ పాత్రని చంపేయాల్సి వచ్చిందని అంటారు. అదే ఎంజీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాల బాధ్యత ఆవిడకి అప్పగించారు. విద్య ఉన్నచోట పంతాలు అలా కరుగుతాయి.

నలభైకి దగ్గరపడుతుండగా ‘అంతస్తులు’ (1965)లో ఆడపిల్లల వెంటపడే పోకిరీల్ని ఏకిపారేస్తూ కొసరాజు గారి పాట పాడారు. ఇప్పటికీ ఆ పాట పెడితే కుర్రాళ్లు సర్దుకు కూర్చుంటారు. మరుసటి ఏడు ‘పల్నాటి యుద్ధం’లో నాయకురాలు నాగమ్మ. అంతకుముందు 1947లో ఆ వేషం కన్నాంబ గారిది. కన్నాంబ నాగమ్మ ఉరిమింది, భానుమతి నాగమ్మ నవ్వుతూ లెక్కలు వేసింది. నా ఓటు రెండో నాగమ్మకే. ఆపైన మామ్మ వేషాలు. తను హీరోయిన్‌గా చేసిన ఎన్టీఆర్ దర్శకత్వంలోనే 1974లో ‘తాతమ్మ కల’లో తాతమ్మ అయ్యారు. పదేళ్ల తర్వాత ‘మంగమ్మగారి మనవడు’ చూడ్డానికి బండ్లు కట్టుకుని జనం వెళ్లారంటే, బాలకృష్ణ కోసం ఎందరు వెళ్లారో మంగమ్మ కోసం అంతమంది.

‘అత్తగారి కథలు’ గురించి వేరే వ్యాసమే రాయాలి. కోడలు నోట అత్తగారి ముచ్చట్లు చెప్పించి, ఆ అత్తగారిని ఎక్కడా గయ్యాళిని చేయకుండా, ఆవిడ మడినీ పట్టుదలనీ అమాయకత్వాన్నీ చూపించి మనల్ని నవ్వించారు. ఆ పుస్తకానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీ బహుమతి, ఆత్మకథ ‘నాలో నేను’కి జాతీయ పురస్కారం వచ్చాయి. పద్మశ్రీ, పద్మభూషణ్ సరేసరి.

ఇప్పుడు కడుపుమంట సంగతి. ఇవాళ తెలుగు హీరోయిన్‌కి తెలుగు రావాల్సిన పని లేదు. ముఖం ఒకరిది, మాట మరొకరిది, పాట ఇంకొకరిది. అద్దె గొంతులిచ్చే డబ్బింగ్ కళాకారిణుల్ని నేను తప్పుపట్టను, వాళ్లది గొప్ప విద్య, నంది పురస్కారాల్లో వాళ్లకో విభాగం పెట్టడం న్యాయమే. తప్పు గొంతు అక్కర్లేదనుకున్న నిర్మాతలది, అది లేకపోయినా సర్దుకుపోయిన మనది. టీవీ సీరియళ్లలో అత్తగార్లు కళ్లు పెద్దవి చేసి, కనుబొమ్మలెగరేసి, భానుమతి స్టైల్ అంటున్నారు. కాదమ్మా. అది అరుపు. ఆవిడ గొంతు పెంచకుండానే ఎదుటివాణ్ణి కూర్చోబెట్టేవారు. పాటల పోటీల్లో పిల్లలు ముక్కుతో సాగదీసి అదే భానుమతి పాట అనుకుంటున్నారు, జడ్జీలు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. గమకమేది? మాటలో ఆ కొంటెతనమేది? నకలు చేయడానికి ముక్కు దొరికింది, తల దొరకలేదు.

సావిత్రికి 2018లో ‘మహానటి’ వచ్చింది, కొత్త తరానికి ఆవిడ మళ్లీ తెలిసింది. సంతోషం. భానుమతి మీద అలాంటి సినిమా ఎవరైనా తీస్తామంటే మాత్రం నాదొక షరతు: ఆ వేషం వేసే అమ్మాయి తన పాట తనే పాడాలి, తన తెలుగు తనే మాట్లాడాలి. అలాంటి పిల్ల దొరక్కపోతే తీయొద్దు.

ఈలోగా చేయాల్సిన పని ఇంకోటుంది. 2005 డిసెంబర్ 24న ఆవిడ పోయారు, మిగిలింది ఆ గొంతే. ఆవిడ సినిమాలు ఇవాళ ఎక్కువగా దొరికేది అడుగున చానెల్ ముద్రలు, మధ్యలో కోతలు, గరగరలాడే శబ్దంతో. గొంతే ప్రాణమైన నటికి ఇంతకన్నా అవమానం లేదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకీ, ఆ హక్కులు చేతిలో ఉన్న కంపెనీలకీ విన్నపం: ముందు ‘విప్రనారాయణ’, ‘చండీరాణి’, ‘మల్లీశ్వరి’ ప్రింట్లని శుభ్రం చేయించండి, బొమ్మకన్నా ముందు శబ్దం బాగుచేయించండి. అది జరిగేలోగా పాఠకులు చేయగలిగింది కూడా ఉంది. మీ ఇంట్లో పాట నేర్చుకుంటున్న పిల్ల ఉంటే, ఫోన్లో చిన్న ముక్కలు కాకుండా, ఒక ఆదివారం ‘మల్లీశ్వరి’ మొదట్నించి చివరిదాకా కూర్చోబెట్టి చూపించండి.