ఆన్‌లైన్ తెలుగు గ్రంథాల వినియోగ సౌలభ్య పరీక్ష: ఒక విమర్శ

1. ప్రవేశిక

కడపలో సొంత ఖర్చుతో పండితులను నియమించిన సి.పి. బ్రౌన్‌కు తాళపత్ర ప్రతులు దొరకడం పనికి ఆరంభం మాత్రమే. పాఠాలను సరిపోల్చి, పరిష్కరించి, చదువరికి ఉపయోగపడేలా చేయించడం ఆ తరువాతి శ్రమ. నేటి ఆన్‌లైన్ గ్రంథ సంచయాలు మాత్రం ఎక్కువగా స్కాన్ ప్రతుల సంఖ్యనే ఘనతగా చూపుతున్నాయి. ఆ ప్రతులతో పరిశోధకుని పని నెరవేరుతున్నదా అన్నది వేరే ప్రశ్న.

2. పరీక్షా పద్ధతి

ఐ.ఎస్.ఓ. 9241-11 ప్రమాణం (2018) వినియోగ సౌలభ్యాన్ని నిర్దిష్ట వినియోగదారులు, లక్ష్యాలు, సందర్భాలను బట్టి నిర్వచించింది. పని నెరవేరడం, అందుకు పట్టిన కాలం, శ్రమ, కలిగిన సంతృప్తి దాని కొలమానాలు. పాఠకునికి ఒక పని అప్పగించి, మనసులోని ఆలోచనను పైకి చెబుతూ చేయమని కోరి, పరిశీలకుడు జోక్యం చేసుకోకుండా నమోదు చేసుకోవడం ప్రసిద్ధమైన పద్ధతి.

3. తెలుగు పాఠంలోని చిక్కు

బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. దాని 1903 నాటి ద్వితీయ ముద్రణను షికాగో విశ్వవిద్యాలయం వెతకదగిన పాఠంగా ఆన్‌లైన్‌లో ఉంచింది. ఇది స్కాన్ బొమ్మల కంటే పెద్ద ముందడుగు. అయితే పాత ముద్రణలలో అరసున్న, శకటరేఫ ఉంటాయి. యూనికోడ్‌లో ‘ర’, ‘ఱ’ వేర్వేరు సంకేతాలు. రెండింటినీ సమంగా చూసే ఏర్పాటు లేని చోట ‘చెరువు’ అని వెతికితే ‘చెఱువు’ దొరకదు. రాయలసీమ చెరువుల చరిత్రకై కైఫియత్తులను శోధించే పరిశోధకుడు అటువంటి చోట ‘ప్రస్తావన లేదు’ అని నిర్ణయిస్తే, యంత్రలోపం సిద్ధాంత గ్రంథంలో చారిత్రక సత్యమై కూర్చుంటుంది. పరిశోధకుడు సంతృప్తిగానే లేచిపోతాడు గనుక సంతృప్తి ప్రశ్నావళికి ఈ లోపం అందదు. సమాధానం ముందే తెలిసిన పనిని అప్పగించినప్పుడే అది బయటపడుతుంది.

4. పాఠకుల ఎంపిక

ఐదుగురితో పరీక్షిస్తే చాలా లోపాలు తెలుస్తాయని జేకబ్ నీల్సన్ వాదించాడు. పాఠకులు ఒకే తరహావారైతే ఇది కొంతవరకు చెల్లుతుంది. ప్రాచీన వర్ణక్రమం ఎరిగిన కడప పండితుడు, ఫోనులో ఆధునిక లిపినే టైపు చేసే కర్నూలు విద్యార్థి ఒకే కోవకు చెందరు. కాబట్టి ఒక్కొక్క వర్గాన్ని విడిగా పరీక్షించాలి. అచ్చుపుట సంఖ్యకూ తెరపై కనిపించే పుట సంఖ్యకూ తేడా ఉన్నప్పుడు ఉల్లేఖనం సరిగా ఇవ్వగలగడం కూడా పరీక్షాంశం కావాలి.

5. ముగింపు

ఒక పదం గ్రంథంలో లేకపోవడం వేరు, వెతుకులాటలో దొరకకపోవడం వేరు. ఈ తేడాను పట్టిచూపని పరీక్ష తెలుగు పరిశోధనకు అక్కరకు రాదు.