బుసతో సహా ఓలేటి

విజయవాడ సత్యనారాయణపురంలో సంగీతం గురించి నోరు విప్పితే రెండో మాటకే మన పక్షం తేలిపోతుంది. బాలమురళి మనిషివా, ఓలేటి మనిషివా? నేను ఓలేటి మనిషిని. ఆ సంగతి ముందే చెప్పేస్తే చదివేవాళ్లు తగినంత తరుగు తీసేసుకుని చదువుకుంటారు.

మంగళంపల్లి బాలమురళి గారిని తక్కువ చేసే సాహసం నాకు లేదు. ఎనిమిదో ఏట ఇదే ఊళ్లో త్యాగరాజ ఆరాధనలో పాడి, 1991లో పద్మవిభూషణ్ అందుకుని, ఇరవై అయిదు వేల పైచిలుకు కచేరీలు చేశారని చెప్పుకునే మనిషి. ఆయనకు రికార్డులున్నాయి, సీడీలున్నాయి, సినిమాలున్నాయి. ఓలేటి వెంకటేశ్వర్లు (1928–1989) గారికి ఏమున్నాయి? దుకాణంలో కొనుక్కునేవి బహు తక్కువ. ఉన్నవల్లా టేపులు. రేడియో స్పూళ్లు, సభలో ఎవరో పుణ్యాత్ముడు మైకు దగ్గర చేరి పట్టిన క్యాసెట్లు, వాటికి కాపీలు, ఆ కాపీలకు మళ్లీ కాపీలు. ఇవాళ మల్లాది సోదరులు పాడుతుంటే ఆ బాణీ ఎక్కడిదో తెలిసినవాళ్లు తల ఊపుతున్నారంటే, వారి తండ్రి సూరిబాబు గారు ఓలేటి దగ్గర నేర్చుకున్నదీ, ఈ టేపులు నిలబెట్టినదీ కలిసి చేసిన పని అది.

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. త్యాగరాజ శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు మన దివిసీమ పక్కన పెదకళ్లేపల్లికి చెందిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి శిష్యుడు బాలమురళి. కృష్ణ ఒడ్డున ఇది ఒక పాయ. రెండో పాయ డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారిది. వృత్తికి వైద్యుడు, ప్రాణానికి సంగీతం. ఓలేటి, నేదునూరి ఆయన దగ్గర తయారైనవాళ్లే. ఈ రెండు పాయలూ కలిసిన రేవు 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి. బాలమురళి భక్తిరంజని, ఓలేటి సంగీత శిక్షణ, శ్రీరంగం గోపాలరత్నం గొంతు, బాలాంత్రపు రజనీకాంతరావు గారి రూపకాలు అన్నీ అక్కడివే. ఒకే కప్పు కింద ఇంతమంది ఎలా ఇమిడారో ఆ గోడలకే తెలియాలి.

ఇక అసలు సంగతి. గ్రామఫోను ప్లేటు ఒక పక్క మూడు నాలుగు నిమిషాలు. రేడియోలో అరగంట, గంట. సభలో మూడు గంటలు. పాట కొలతను బట్టి గాయకుడు మారిపోతాడు. వర్ణంలో గొంతు ఇంకా పూర్తిగా విచ్చుకోదు. రెండో కృతికి పదును ఎక్కుతుంది. ప్రధాన రాగానికి వచ్చేసరికి గాయకుడు సభను మరిచిపోతాడు, మనకు కావలసింది ఆ క్షణమే. నెరవులో ఒకే పంక్తిని పట్టుకుని ఇరవై దార్లు తిప్పి మళ్లీ ఎత్తుగడ మీద సరిగ్గా దించడం, పక్కనున్న వయొలిన్ ఆ చివరి సంచారాన్ని అందుకుని ఇంకో మెట్టు ఎక్కిస్తే గాయకుడు "భళా" అని నవ్వడం, ముక్తాయి పడే ముందు మృదంగం ఒక అర మాత్ర ఊపిరి బిగబట్టడం: స్టూడియోలో ఇవి పుట్టవు. పుట్టినా అక్కడ కత్తెర పడుతుంది. పక్కవాద్యాల మాట వచ్చింది కనుక, అన్నవరపు రామస్వామి గారి కమాను, దండమూడి రామమోహనరావు గారి మృదంగం ఈ ఊరి ఆస్తి. 2021లో రామస్వామి గారికి, దండమూడి వారి సతీమణి, స్వయంగా మృదంగ విదుషి అయిన నిడుమోలు సుమతి గారికి ఒకేసారి పద్మశ్రీ వచ్చినప్పుడు మా వాళ్లు పక్షాలు మరిచి మిఠాయిలు పంచుకున్నారు. అదీ ఒక్క పూటే అనుకోండి.

ఓలేటి ఆలాపన ఎలా వినాలో చెబుతాను. కల్యాణి తీసుకోండి. హిందుస్తానీ యమన్‌లో గాంధారం నిలిచి నిగనిగలాడుతుంది. మన కల్యాణిలో అదే గాంధారానికి కదలిక కావాలి. బడే గులాం అలీఖాన్ పాట మీద ఓలేటికి వల్లమాలిన మోజు. కానీ ఆ మోజు ఆయన పాటలో పైపూతగా ఎక్కడా కనపడదు. స్వరాన్ని ఒక క్షణం అలా నిలిపి, వినేవాడికి "ఇక యమన్‌లోకి జారిపోయాడు" అనిపించే చోట ఒక చిన్న గమకంతో వెనక్కి లాక్కొస్తారు. బిర్కాలు వేగంగా పోతాయి, కానీ ఒక్కో గింజ విడిగా వినిపిస్తుంది. అరుపు లేదు, ఆర్భాటం లేదు. చప్పట్ల కోసం తారస్థాయిలో వేలాడటం లేదు. విద్వాంసులు ముందు వరసలో కూర్చుని వినే విద్వాంసుడు ఆయన.

బాలమురళిది వేరే దారి. మూడు స్థాయిలూ ఇంట్లో గదుల్లా తిరుగుతారు. మంద్రంలో ఆ గొంతు నిలిస్తే లౌడ్‌స్పీకర్ అట్ట అదురుతుంది. నాలుగే స్వరాలతో మహతి, లవంగి అని రాగాలు కట్టి కచేరీలో వాటిని విస్తరిస్తుంటే, వాటి మీద వీణ బాలచందర్ ఎందుకు రచ్చకెక్కారో, జనం ఎందుకు లెక్కచేయలేదో రెండూ అర్థమవుతాయి. గతిభేదాన్ని తాళం దెబ్బల్లోకే తెచ్చిన ఆయన తిల్లానాలు కచేరీ టేపులో వినాలి. మృదంగం కాచుకుని కూర్చోవడం వినపడుతుంది. అయినా నా ఓటు ఎటో చెప్పాను.

ఇప్పుడు కోపం వచ్చే భాగం. ఈ టేపులను "శుభ్రం" చేసి వదులుతున్న మహానుభావులున్నారు. నాయిస్ తీసేసే సాఫ్ట్‌వేర్‌కు నిలకడగా మోగే ప్రతి శబ్దమూ చెత్తే. టేపు బుస నిలకడగా ఉంటుంది, ఫ్యాను రొద నిలకడగా ఉంటుంది. తంబూరా కూడా నిలకడగానే ఉంటుంది! మీట చివరిదాకా తిప్పితే బుసతో పాటు తంబూరా కూడా కొట్టుకుపోతుంది. తంబూరా పోతే ఏమవుతుంది? మోహన పాడుతూ గాయకుడు పంచమం మీద చాలాసేపు నిలిచాడనుకోండి. కింద షడ్జం వినపడకపోతే చెవి ఆ పంచమాన్నే షడ్జం అనుకుంటుంది, అవే అయిదు స్వరాలు శుద్ధ సావేరి అయిపోతాయి. రిషభం మీద నిలిస్తే మధ్యమావతి, గాంధారం మీద నిలిస్తే హిందోళం. గాయకుడు చేయని గ్రహభేదాన్ని కంప్యూటరు చేసిపెడుతుంది. ఆపైన ఖాళీగా ఉందని గుడి మంటపంలో పాడినట్టు ప్రతిధ్వని కలుపుతారు. ఇంతకంటే ఆ క్యాసెట్టును కాలవలో పారేస్తే నయం.

వేగం ఇంకో గొడవ. డెక్కు ఆరు శాతం వేగంగా తిరిగితే చాలు, శ్రుతి ఒక అర మెట్టు పైకి పోతుంది. ఒకటి శ్రుతి ఒకటిన్నర అవుతుంది. గొంతు సన్నబడుతుంది, బిర్కాలు గబగబా దొర్లుతాయి, "అబ్బ, ఏం వేగం!" అని కింద వ్యాఖ్యలు. టేపులో పడ్డ కరెంటు రొదను బట్టి వేగం సరిచేయొచ్చంటారు. మన దగ్గర కరెంటు యాభై హెర్ట్జ్ అని పుస్తకంలో ఉంటుంది గానీ, ఆ రోజుల్లో లోడు పెరిగితే నలభై ఎనిమిదికీ దిగేది. ఆ రొదను యాభై అని నమ్మి సరిచేస్తే పాట పైకి పోతుంది. అదే గాయకుడి తేదీ తెలిసిన మరో కచేరీలో శ్రుతి చూసి పోల్చుకోవడమే సరైన పని. అందుకు ఓపిక కావాలి, చెవి కావాలి. రెండూ లేనివాడే తొందరగా అప్‌లోడ్ చేస్తాడు.

తని ఆవర్తనం కోసేవాళ్ల గురించి రాస్తే పత్రిక వాళ్లు అచ్చువేయరు.

అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం 1984 నుంచి తమ కచేరీల్లో టేపు చేసుకునే అభిమానులకు ప్రత్యేకంగా చోటు కేటాయించింది. వాళ్లు కచేరీ కచేరీకీ తేదీ, ఊరు, పాటల వరస రాసి పెట్టుకున్నారు. మన దగ్గర? నా చేతికొచ్చిన ఒక సి-90 మీద నీలి సిరాతో "ఓలేటి, చాలా బాగుంది" అని ఉంది. అంతే. తేదీ లేదు, వయొలిన్ ఎవరో లేదు, ఏ ఊరో లేదు. నలభై అయిదు నిమిషాలకు పక్క తిప్పాలి కనుక పల్లవి సరిగ్గా అనులోమం అందుకునే చోట తెగిపోయింది. రెండో పక్క మొదట్లో ఎవరో దగ్గు, ఆపైన తని. ఆ తెగిన చోట ఏం పాడారో తెలిసిన మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. రేడియో కేంద్రాల్లోనా, స్పూళ్లు చెరిపి మళ్లీ వాడుకోవడం ఆనాటి రివాజు. మిగిలింది జనం ఇళ్లలోనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది మనుషులే. ఆ తర్వాత గుర్తొచ్చింది మంచాల కింది ట్రంకుపెట్టెలు.

కనుక బందరు, గుడివాడ, తెనాలి, బెజవాడ ఇళ్లలో పెద్దవాళ్ల క్యాసెట్లు ఉన్నవాళ్లకు దణ్ణం పెట్టి అడుగుతున్నాను. పాత సామాన్లవాడికి వేయకండి. పెట్టె మీద ఏం రాసి ఉందో ఫోటో తీయండి, మాసిపోయిందని తుడవకండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆ కచేరీకి ఎవరెవరు వచ్చారో అడిగి రాయండి, ఆవిడకు ఆ రాత్రి వంట దగ్గర్నుంచి గుర్తుంటుంది. టేపు మీద తెల్లగా బూజు కనపడితే "ఒకసారి వేసి చూద్దాం" అని డెక్కులో పెట్టకండి. ఆ బూజు హెడ్డుకు అంటుకుని తర్వాతి టేపుకు పాకుతుంది. టేపును హెడ్డుకు ఒత్తే మెత్త ఊడిపోయి ఉంటే పాట మూగబోయినట్టు వినిపిస్తుంది, టేపు పోయిందని నిరాశపడకండి, మెత్త మార్చి హెడ్డు మరను ఒక రవ్వ తిప్పితే గొంతు తిరిగొస్తుంది. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు మొదటి శ్రుతి సవరింపు నుంచి మంగళం దాకా బుసతో సహా ఒక ప్రతి దాచండి. శుభ్రం చేసుకోవాలని సరదా పుడితే రెండో ప్రతి మీద చేసుకోండి. బాలమురళి టేపులైనా సరే తీసుకురండి, ఆయన పక్షం వాళ్లు మా ఇంటికీ వస్తుంటారు.