అక్షరం తేడా వస్తే ఒప్పుకోని పరీక్ష

టెస్టింగ్‌లో ఎన్ని కొత్త హంగులొచ్చినా పాత పద్ధతి ముందు అవన్నీ దిగదుడుపే అంటాను. ప్రోగ్రాముకు ఇన్‌పుట్ ఇచ్చి, అవుట్‌పుట్‌ను ఫైల్లోకి పట్టి, ముందే సరిచూసి దాచుకున్న ఎక్స్‌పెక్టెడ్ ఫైలుతో డిఫ్ కొట్టాలి. ఖాళీగా వస్తే పాస్. కామా జరిగినా ఫెయిల్. ఓస్, ఇంతేనా అని పెదవి విరిచేవాళ్లు డొనాల్డ్ కనూత్ పనితనం చూసి ఉండరు.

రెండు ఫైళ్ల మధ్య తేడాలు చూపే ఈ డిఫ్ పుట్టింది బెల్ ల్యాబ్స్‌లో, డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ చేతిలో. 1974లో యూనిక్స్ ఐదో ఎడిషన్‌తో బయటికొచ్చింది. చరిత్ర ఈపాటి చాలు.

కనూత్ సంగతికొస్తాను. అచ్చుకూర్పు కోసం తాను రాసిన టెక్ ప్రోగ్రాముకు ఆయన ‘ట్రిప్’ అనే పరీక్ష పెట్టి, 1984లో దాని వివరమంతా అచ్చువేశాడు. బుద్ధున్నవాడెవడూ రాయని ఆజ్ఞలన్నీ అందులో ఉంటాయి. అది కూర్చే పేజీకి అర్థం పర్థం ఉండదు. ప్రోగ్రాములో మామూలుగా ఎవరూ తొంగిచూడని మూలలన్నిటినీ కుళ్ళబొడవడమే దాని పని. మెమరీని కూడా కావాలనే ఇరుకు చేసి నడపాలి. చివరికి లాగ్ ఫైలునీ, టెక్ తయారుచేసే డీవీఐ ఫైలును చదివి డీవీఐటైప్ రాసే ఫైలునీ కనూత్ ఇచ్చిన ఫైళ్లతో పోల్చాలి. కుదరకపోతే దాన్ని టెక్ అని పిలవకూడదు, అంతే! నాకు ముచ్చటేసేది ఇంకోటి. ఏ తేడాలను క్షమించవచ్చో కూడా ఆయనే రాసిపెట్టాడు: తేదీలు, దశాంశాల సవరింపులో వచ్చే చిన్న మార్పులు, అలాంటివి. ఏది తప్పో చాలామంది చెప్పగలరు. ఏది తప్పు కాదో ముందే రాసివ్వగలిగినవాడే గురువు.

ఆ విద్య ఇప్పటికీ బతికున్న చోటు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ‘మేక్ చెక్’ అని కొడితే ఎస్‌క్యూఎల్ స్క్రిప్టులు నడుస్తాయి, ప్రతిదాని ఫలితాన్నీ ‘ఎక్స్‌పెక్టెడ్’ ఫోల్డర్లోని ఫైలుతో పోల్చడం జరుగుతుంది, తేడాలన్నీ ఒకే ఫైల్లో వచ్చి పడతాయి. నేర్పంతా తేడా రాకూడని చోట రాకుండా చూడటంలో ఉంది. ఆర్డర్ బై మరిస్తే వరసలు ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా రావచ్చు. క్వెరీ ప్లాన్ చూపించేటప్పుడు కాస్ట్‌లు ఆపేస్తారు, ఆ అంకెలు యంత్రాన్ని బట్టి మారతాయి కనుక. రెండు జవాబులూ సరైనవే అయితే రెండో ఎక్స్‌పెక్టెడ్ ఫైలు కూడా పెడతారు. మరో డేటాబేస్‌ను మెచ్చుకునేవాళ్లు మెచ్చుకోండి, నా ఓటు మాత్రం ఇక్కడే.

ఇక నకిలీ సరుకు. 2016లో జెస్ట్ అనే టెస్టింగ్ టూలు తెచ్చిన స్నాప్‌షాట్ పద్ధతిలో మొదటి రన్‌లో వచ్చిందాన్నే టూలు ఎక్స్‌పెక్టెడ్‌గా రాసేసుకుంటుంది. దాన్ని మనిషి చదవాలి. చదివేదెవరు? ఫెయిలైతే ‘అప్‌డేట్’ కొట్టు, అంతా పచ్చగా అయిపోతుంది, ఇంటికి పో. నేనెరిగిన ఒక ప్రాజెక్టులో బిల్లు మొత్తం ముందు మైనస్ గుర్తు పడింది. ఎవరో అలాగే అప్‌డేట్ కొట్టారు, తప్పే ప్రమాణమైపోయింది, టెస్టు మాత్రం రోజూ పాసే! గీటురాయిని బంగారానికి తగ్గట్టు అరగదీసుకోవడం కాదా ఇది? టూలుది తప్పు కాదంటారు దాని అభిమానులు. కావచ్చు. కానీ సోమరితనానికి అంత దగ్గర దారి వేసినవాళ్లను నేను మెచ్చుకోలేను. అమీర్‌పేటలో టూల్స్ నేర్పే ఇన్‌స్టిట్యూట్లకు కొదవ లేదు. డిఫ్‌ను ఓపిగ్గా చదవడం నేర్పేవాళ్లు ఎక్కడైనా ఉంటే వాళ్లకో దండం.

మనకు దీనితో సొంత లెక్క కూడా ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’ తర్వాత కంటికి కనబడని నాన్-జాయినర్, ఆ వెనక దీర్ఘం వచ్చే ఒక్క తెలుగు వరస ఐఫోన్లలో యాప్‌లను కూల్చేసింది. ఐఓఎస్ 11.2.6 వచ్చాక గానీ సర్దుకోలేదు. ప్రపంచమంతా నవ్వుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు; ఇలాంటివాటిని ముందే పట్టే పరీక్షలు తెలుగుకూ కావాలనిపించింది. ఆండ్రాయిడ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ టెస్టుల్లో ఒక్కో వరసలో ఫాంటు పేరు, యూనికోడ్ అంకెలు, పక్కనే రావలసిన అక్షర రూపాలూ వాటి స్థానాలూ ఉంటాయి. కనూత్ సంప్రదాయమే అది. ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో, రెండు వత్తులొస్తే ఏది కిందికి పోవాలో తెలుగు చదివినవాడికే తెలుస్తుంది. కోడింగ్ వచ్చిన తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు. అయ్యా, అమ్మా, ఒక ఆదివారం పూట కూర్చుని నాలుగు టెస్టు వరసలు రాసి హార్ఫ్‌బజ్‌కు పంపండి. పంపేముందు ఎక్స్‌పెక్టెడ్ కాలమ్‌ను మీ కళ్లతో మీరే చదవండి.