వెంట్రుకవాసి గీత

వోగ్ పత్రిక అట్ట మీద ఇంగ్లిషులో పేరు ఉంటుంది కదా, అందులో మొదటి అక్షరాన్ని ఎప్పుడైనా పరకాయించి చూశారా? ఎడమ గీత బాగా లావు, కుడి గీత వెంట్రుకవాసి. పై కొసలకు అడ్డంగా అతికించిన చిన్న గీతలు, అంటే సెరిఫ్‌లు, అవీ అంతే సన్నం. డిడో బాణీ అక్షరాలివి. 18వ శతాబ్దం చివర్లో పారిస్‌లో డిడో కుటుంబం, పార్మాలో జాంబత్తిస్తా బొడోని ఈ నాజూకుతనాన్ని అంచుదాకా తీసుకెళ్లారు.

నాకు మాత్రం వాళ్లకన్నా ముందువాడు, బర్మింగ్‌హామ్‌కు చెందిన జాన్ బాస్కర్‌విల్ అంటే ఎక్కువ ఇష్టం. గీత సన్నబడాలంటే అచ్చు ఒక్కటే మారితే చాలదని పట్టుబట్టిన మనిషి ఆయన. 1757లో వర్జిల్ కావ్యాలు వేసినప్పుడు కొన్ని ఫారాలకు చారల్లేని నున్నటి కాగితం వాడాడు. సిరా సొంతంగా తయారు చేసుకున్నాడు. అచ్చయిన కాగితాల్ని వేడి రాగి రేకుల మధ్య పెట్టి నొక్కించాడు, ఇస్త్రీ చేసినట్టు.

ఇంత చేస్తే వచ్చిన పేరు, ఈ అక్షరాలు చదివితే కళ్లు పోతాయని! బెంజమిన్ ఫ్రాంక్లిన్ దగ్గర ఒక పెద్దమనిషి ఇదే పాట పాడాడట. ఫ్రాంక్లిన్ ఊరుకోలేదు. కాస్లన్ అనే మరో అచ్చుల తయారీదారు అక్షరాల నమూనా కాగితం తెచ్చి, పేరున్న పైభాగం చింపేసి, ఇదే బాస్కర్‌విల్ అచ్చని చేతిలో పెట్టాడు. ఆ పెద్దమనిషి ఎక్కడెక్కడ కళ్లకు ఇబ్బందో వరసగా చూపించాడు. జన్మంతా హాయిగా చదువుకున్నది ఆ కాస్లన్‌లోనేనని పాపం తెలీదు. ఈ సంగతి ఫ్రాంక్లినే బాస్కర్‌విల్‌కు ఉత్తరం రాసి చెప్పాడు.

అలాగని ఆ భయాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యలేం. డిడో అక్షరాన్ని కుదించి చిన్న సైజులో వేస్తే సన్నగీత మాయమై లావు గీతలే మిగులుతాయి. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు వేస్తే చుట్టూ ఉన్న సిరా పాకి గీతను మింగేస్తుంది. మీరు చదువుతున్న ఈ న్యూస్‌ప్రింట్ మీదైతే చెప్పనే అక్కర్లేదు. అందుకే 1990ల మొదట్లో హార్పర్స్ బజార్ పత్రిక కోసం జొనాథన్ హోఫ్లర్ డిడోను కొత్తగా గీసినప్పుడు, 6 పాయింట్ల నుంచి 96 దాకా ఏడు సైజులకు విడివిడిగా గీశాడు. చిన్న సైజుకు గీత కాస్త బలంగా, పెద్ద సైజుకు బాగా పల్చగా.

మన శుభలేఖల్లో ఈ జాగ్రత్త తక్కువ. ఇంగ్లిషు వైపు వధూవరుల పేర్లు ఈ అక్షరాల్లో పెద్దగా వేస్తే ముచ్చటగా ఉంటాయి, కాదనను. అదే ఫాంటును కుదించి కల్యాణ మండపం అడ్రసుకీ వాడతారు, అదీ మెరూన్ కార్డు మీద బంగారు రంగులో. ఇక పెద్దవాళ్లు కార్డును లైటు కిందకి తీసుకెళ్లాల్సిందే. మన తెలుగు ఫాంట్లలో చాలావాటికి గీత మందం ఇంచుమించు ఒకే తీరు కాబట్టి తెలుగు వైపు ఈ చిక్కు రాదు. కాకపోతే డిడో పక్కన బరువుగా కనిపిస్తుంది, కాస్త పల్చటి తెలుగు ఫాంటు ఎంచుకుంటే జత కుదురుతుంది.

పేర్లకు డిడో ఉంచండి. ముహూర్తం, అడ్రసు మాత్రం మామూలు అక్షరాల్లో వేయించండి. కార్డు ఖాయం చేసేముందు అదే అట్ట మీద, అదే రంగులో ఒక ప్రూఫు తీయించండి. డీటీపీ కుర్రాడి కంప్యూటర్లో కనిపించిన గీత కార్డు మీదికీ దిగుతుందన్న పూచీ లేదు.