సీసా తిప్పి చూస్తే

జిమ్ పక్కనున్న షాపులో ఫ్రిజ్ నిండా ప్రొటీన్ డ్రింకులే. కండలు తిరిగిన చెయ్యి, చాక్లెట్ ధార, ఇంత లావు అక్షరాలతో ఓ అంకె... ముందువైపు పెళ్లిచూపులకు ముస్తాబైనట్టే ఉంటుంది. నేను మాత్రం సీసా తిప్పి వెనకవైపే చదువుతాను. యాభై దాటాక బరువులెత్తడం మొదలుపెట్టినవాణ్ణి. జేబూ చూసుకోవాలి, కడుపూ చూసుకోవాలి.

ముందు తేల్చుకోవాల్సింది ఆ పెద్ద అంకె సంగతి. అది వంద మిల్లీలీటర్లకా, సీసా మొత్తానికా? తర్వాత చిన్న లెక్క. గ్రాము ప్రొటీన్‌కు 4 కేలరీలు. 20 గ్రాముల ప్రొటీన్, 150 కేలరీలు అని ఉంటే అందులో 80 ప్రొటీన్‌వే, సగానికి పైమాటే. అదే 10 గ్రాములు, 200 కేలరీలు అయితే ఐదో వంతే. ఈ రెండోది ప్రొటీన్ పేరు పెట్టుకున్న మిల్క్‌షేక్. తాగొచ్చు, కాకపోతే మిల్క్‌షేక్ అనుకునే తాగాలి.

ఆపైన దినుసుల జాబితా. బరువులో ఎక్కువున్నది ముందు రాయాలన్నది నియమం. పాలు, పాల ప్రొటీన్, వే ప్రొటీన్ ముందుంటే సరే. చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ ముందుకొచ్చాయా, సీసా మళ్లీ ఫ్రిజ్‌లోకే. ప్రొటీన్ అంతా కొల్లాజెన్‌దే అయినా అంతే. అందులో ట్రిప్టోఫాన్ ఉండదు, కండకు కీలకమైన ల్యూసిన్ తక్కువ. గ్లైసిన్, టారిన్ విడిగా కలిపి ఉంటే కాస్త అనుమానిస్తాను. ల్యాబుల్లో సాధారణంగా నైట్రోజన్‌ను కొలిచి ప్రొటీన్ లెక్కగడతారు. ఈ చవక సరుకులోని నైట్రోజన్ కూడా ఆ లెక్కలో కలిసిపోతుంది. కేరళ వైద్యుడు సిరియాక్ అబీ ఫిలిప్స్ బృందం 36 ప్రొటీన్ పొడులను పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించింది. దాదాపు 70 శాతం వాటిలో ప్రొటీన్ లేబుల్ మీద రాసినట్టు లేదు. అవి పొడులే కావచ్చు గానీ, బయటి ల్యాబ్ రిపోర్టు చూపించే కంపెనీ మీదే నాకు గురి కుదరడానికి కారణం అదే.

ఇంతకీ మనకు కావలసింది ఎంత? ఐసీఎంఆర్ లెక్కన పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, 60 కిలోల మనిషికి 50. బరువులెత్తేవాళ్లకు 1.6 దాకా ఉపయోగం ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి, అంటే 96. మరోపక్క మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, కండ కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వద్దని 2024 మార్గదర్శకాల్లోనే చెప్పింది. నిజానికి పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నంలో పలుచటి పప్పుచారుతో సరిపెట్టుకుంటే 50 అందడమే కష్టం. రెండు గుడ్లు, పావు లీటరు పాలు, గుప్పెడు ఉడికించిన శనగలు చేరిస్తే పాతిక గ్రాముల పైనే వస్తుంది. చాలా సీసాల ధర కంటే ఇవి చవక కూడా.

మరి సీసా ఎందుకంటే, జిమ్ నుంచి నేరుగా ఆఫీసుకు పరుగెత్తేవాళ్లకు, ప్రయాణాల్లో ఉన్నవాళ్లకు అదో సౌకర్యం. పాలు పడనివాళ్లు సోయా రకం చూసుకోవచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. కండ పెంచేది బరువు; ప్రొటీన్ దానికి సరుకు అందిస్తుంది. ఆ సరుకు ఇంటి తిండిలోనే సరిపోయిన రోజున, ఎంత మంచి సీసా అయినా అదనపు కేలరీలు, అదనపు ఖర్చు తప్ప మరేమీ కాదు.